మోటారుకారు బెల్టు: మార్చుట యెప్పుడు, మార్చుట యెట్లు

మోటారుకారు బానెట్టు ఎత్తిన గృహస్థుని కన్నులు మొదట బ్యాటరీ మీదను, పిమ్మట నూనె కొలత చూచు కడ్డీ మీదను, రేడియేటరు నీటిడబ్బా మీదను పడును. ఇంజనుకు ఒక ప్రక్కగా, నాలుగు వ్రేళ్లు దూరని సందులో, అయిదారు గిలకలను చుట్టుకొని సాగు నల్లని రబ్బరు పట్టీని పరికించువారు అరుదు. దానిని డ్రైవ్ బెల్టు అందురు. పాతవారు నేటికిని ఫ్యాన్ బెల్టు అనియే వ్యవహరింతురు. ఆ పట్టీని గూర్చియు, దానిని బిగువుగా నిలుపు టెన్షనరు అను పరికరమును గూర్చియు శ్రోతలతో కొంతసేపు ముచ్చటింపదలచితిని.

ముందుగా ఒక సందేహమును తీర్చవలసియున్నది. కారులో రెండు విధములైన బెల్టులుండవచ్చును. ఇంజను లోపలి కవాటములు తెరచుకొను వేళను నిర్ణయించునది టైమింగ్ బెల్టు. దానికి పండ్లుండును; అది మూతల వెనుక దాగియుండును; పెక్కు ఇంజనులలో దాని స్థానమున గొలుసే యుండును. ఆ బెల్టు తెగినచో అనేక ఇంజనులలో పిస్టనులు కవాటములను ఢీకొని పెద్ద నష్టము కలుగును. దానిని మార్చుట నిపుణుని పని. నేను చెప్పబోవునది దానిని గూర్చి కాదు, వెలుపల కనబడు బెల్టును గూర్చి. షెడ్డుకు పోయి ‘బెల్టు మార్చండి’ అని మాత్రమే అన్నచో, యజమాని ఒకటి తలచి మెకానిక్కు మరియొకటి తలచి, బిల్లు వచ్చిన పిమ్మట ఇరువురును వాదులాడుకొనుట నేనెరుగుదును.

ఈ వెలుపలి బెల్టు చేయు పని యేమి? ఇంజను ప్రధానదండమైన క్రాంకు షాఫ్టు చివర ఒక పుల్లీ, అనగా గిలక, కలదు. దాని భ్రమణమును బెల్టు గ్రహించి తక్కిన యంత్రములకు పంచిపెట్టును. విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరు, ఎ.సి. కంప్రెసరు, పెక్కు కార్లలో ఇంజనునందు నీటిని త్రిప్పు వాటర్ పంపు, నూనె ఒత్తిడితో పనిచేయు స్టీరింగు ఉన్నచో దాని పంపు, ఇవన్నియు ఈ పట్టీ మీదనే ఆధారపడినవి. 120 ఆంపియర్ల ఆల్టర్నేటరు నిండు భారమున పనిచేయునప్పుడు, 14 వోల్టుల చొప్పున, ఇంచుమించు 1,700 వాట్ల విద్యుత్తు నిచ్చును. నష్టములను కలిపి లెక్కించినచో దానిని త్రిప్పుటకే మూడు అశ్వశక్తికి పైగా పట్టును. పొలమున బోరుబావి నీరు తోడు మోటారు చేయునంత పని, అర సెంటీమీటరు మందము గల రబ్బరు పట్టీ మీదుగా సాగుచున్నదన్నమాట.

కాలితో త్రొక్కు కుట్టుమిషను గల యింట ఈ సూత్రమును వేరుగ బోధింప నవసరము లేదు. క్రింది పెద్ద చక్రమునుండి పైచక్రమునకు ఒక తోలు తాడు పోవును. అది సాగి వదులైన దినమున క్రింద ఎంత త్రొక్కినను పైన సూది కదలదు. అప్పుడు గృహిణి ఆ తాడును అంగుళము మేర కత్తిరించి, తీగకొక్కెముతో మరల కలుపుకొనును. బిగువును సరిచేయుట యనగా నదియే. కారులో ఆ పనిని టెన్షనరు చేయుచున్నది. కత్తిరించుటకు వీలు లేదు గనుక ప్రక్కనుండి త్రోసి బిగించును.

పట్టు రాపిడి వలన కలుగును. రాపిడి బిగువు మీదను, బెల్టు పుల్లీని ఎంత మేర చుట్టుకొన్నదను దాని మీదను ఆధారపడును. గోదావరి రేవులలో పడవవారు మోకును గుంజకు రెండు మూడు చుట్లు చుట్టి, కొసను ఒంటిచేత పట్టి, ప్రవాహములోని పడవను నిలుపుదురు. చుట్టు హెచ్చిన కొలది పట్టు కూడిక లెక్కన గాక గుణకారపు లెక్కన పెరుగును. 18వ శతాబ్దపు గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ ఈ సంగతిని సమీకరణముగా వ్రాసెను. కారు బెల్టు మెలికలు తిరిగి, పుల్లీల నడుమ పాము వలె పోవుట అందము కొరకు కాదు. ప్రతి పుల్లీని వీలయినంత ఎక్కువ మేర చుట్టుకొనుటకు.

పూర్వపు కార్లలో వి అక్షరపు ఆకారము గల బెల్టులుండెడివి. 1917లో అమెరికాలోని డెన్వరు నగరమున జాన్ గేట్స్ రబ్బరుతో వి-బెల్టును రూపొందించెను. 2014లో నిర్మాణము నిలిచిపోయిన మన అంబాసిడరు కారును దాచుకొన్నవారు దాని పాత ఇంజను ముందు అట్టి బెల్టును చూడవచ్చును. క్రాంకు షాఫ్టు, ఫ్యానుతో కూడిన నీటిపంపు, డైనమో, ఈ మూటిని కలుపుచు అది త్రికోణముగా తిరుగును. అందు వేరే టెన్షనరు లేదు. డైనమో బోల్టులను వదులు చేసి, దానినే వెలుపలికి లాగి బిగింపవలెను. పొడవైన భాగమున బొటనవ్రేలితో నొక్కినచో ఇంచుమించు అర అంగుళము లోనికి దిగవలెను. అంతకు మించి దిగినచో జారును. అసలు దిగనంత బిగించినచో డైనమో బేరింగును, నీటిపంపు బేరింగును తినివేయును. 

1979 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారుతో మరియొక పద్ధతి వచ్చినది. వేర్వేరు వి-బెల్టులకు మారుగా, లోపలి వైపున నిలువు చారలు గల వెడల్పాటి ఒకే బెల్టు అన్ని పుల్లీలను చుట్టివచ్చును. నేటి కార్లలో దాదాపు అన్నింట నున్నది ఈ జాతియే. దాని వీపు మీద 6 పీకే 1750 వంటి గుర్తు ముద్రింపబడి యుండును. ఆరు చారలు, పీకే అను కొలత గల చార, 1750 మిల్లీమీటర్ల పొడవు అని దాని అర్థము. చారకును చారకును నడుమ దూరము 3.56 మిల్లీమీటర్లు. అంగడిలో బెల్టు కొనువారికి ఈ అంకెలు తెలిసియుండుట అవసరము. ‘ఇదీ సరిపోతుందండీ’ అని వర్తకుడు ఇచ్చు 1760 బెల్టు పుల్లీల మీద కూర్చుండవచ్చును గాని, టెన్షనరు తన హద్దుదాక చాచుకొని, కొలది నెలలలోనే చేతులెత్తివేయును.

ఇక టెన్షనరు. ఇది ఒక ఇనుపపెట్టెలో చుట్టిన స్ప్రింగు, దానికి తగిలించిన ఒక చేయి, ఆ చేతి చివర బేరింగు మీద తిరుగు ఒక నున్నని పుల్లీ. స్ప్రింగు ఆ చేతిని ఎల్లప్పుడును బెల్టు మీదికి నొక్కుచుండును. బెల్టు అరిగి వదులైన కొలది చేయి ముందుకు జరిగి ఆ వదులును తీసికొనును. ఎ.సి. వేసినప్పుడును, ఆల్టర్నేటరు మీద భారము పడినప్పుడును బెల్టు అదరును. ఆ అదురును అణచుటకు పెట్టెలోపల రాపిడిబిళ్ల యొకటి యుండును. కావున దీనికి మూడు చోట్ల వార్ధక్యము రాగలదు. స్ప్రింగు బలము తగ్గవచ్చును. బిళ్ల అరిగి చేయి వణకవచ్చును. పుల్లీ బేరింగులోని గ్రీజు ఎండిపోవచ్చును. ఈ మూడవదియే ప్రమాదకరము, ఏలయన అది వచ్చునపుడు బెల్టును గూడ వెంటబెట్టుకొని పోవును.

కొన్ని వేసవుల క్రిందట జానపద గేయములను ధ్వనిముద్రణము చేసికొని శ్రీశైలము నుండి హైదరాబాదునకు అద్దెకారులో తిరిగివచ్చుచుంటిమి. నేను, మా ఇంజనీరు, పాట పాడిన వృద్ధురాలు, ఆమె మనుమరాలు. నల్లమలలో ఆ దారి అభయారణ్యము గుండా పోవును. రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు వాహనములను విడువరు. దోమలపెంట దాటి కొంతదూరము వచ్చిన పిమ్మట ముందరి పలకపై బ్యాటరీ గుర్తు గల ఎఱ్ఱదీపము వెలిగెను. డ్రైవరు ‘బ్యాటరీ లైటేనండీ, మన్ననూరెళ్లాక చూపిద్దాం’ అనెను. ఆ మలుపులోనే స్టీరింగు బరువెక్కినట్లున్నదని కూడ తానే అనెను. మా ఇంజనీరు వెంటనే, ‘బెల్టు పోయిందయ్యా, ఆపు. ఇంకో మైలు పోతే ఇంజనుండదు’ అని బండిని నిలిపించెను. అప్పటికే వేడిమిని తెలుపు ముల్లు పైకి ప్రాకుచుండెను.

బానెట్టు ఎత్తగా కాలిన రబ్బరు కంపు. బెల్టు పేలికలై అడుగున పడియున్నది. టెన్షనరు పుల్లీ కదలక మెదలక బిగుసుకొనిపోయి, వేడికి నీలిరంగు తిరిగియున్నది. విచారింపగా ఆ బెల్టు పాతది కాదు. మూడు వారముల క్రిందటనే ఒక షెడ్డులో వేసినది. కూతపెట్టుచున్నదని బండి తీసికొనిపోగా వారు బెల్టు మాత్రము మార్చి, టెన్షనరును చేతితో త్రిప్పియైన చూడక, పంపివేసిరి. క్రొత్త బెల్టు కొన్నాళ్లు కూత మానుట సహజమే. గేటు మూయు వేళకు ముందుగా వచ్చిన ఆర్.టి.సి. బస్సులో అవ్వను, బాలికను ఎక్కించి పంపితిమి. సంగతి వివరింపగా ఆ ముసలమ్మ, ‘ఎద్దును మార్చిన్రు గని కాడిని మార్చలే, గంతేగదా బిడ్డా’ అని బస్సెక్కినది. ఇంత ప్రసంగములో నేను చెప్పదలచినదంతయు ఆమె ఒక్క మాటలో చెప్పినది. ఇంజను దక్కినది, నీటిపంపు ఆగిన పిమ్మట ఆ ఘాటు నెక్కియుండినచో సిలిండరు హెడ్డు వంగి, గాస్కెట్టు పోయి, బెల్టు టెన్షనరుల వెలకు అనేక రెట్ల వ్యయము వచ్చియుండెడిది.

కావున బ్యాటరీ దీపము వెలిగి, అదే సమయమున స్టీరింగు బరువెక్కుట గాని, ఎ.సి. గాలి వెచ్చబడుట గాని, వేడిముల్లు లేచుట గాని తోడైనచో, బండిని సురక్షితమైన తావున ప్రక్కకు తీసి ఇంజను ఆపుటకు సంశయింపరాదు. కొన్ని కార్లలో నీటిపంపును టైమింగ్ బెల్టు గాని విద్యుత్తు గాని త్రిప్పును. అట్టివి వెంటనే వేడెక్కవు. అయినను బ్యాటరీలో మిగిలిన శక్తి ఎంతో దూరము రాదు. తమ కారు ఏ కోవకు చెందినదో ఇంట తీరికగా నున్నప్పుడే తెలిసికొనవలెను.

మార్చుట యెప్పుడు? కారుతో ఇచ్చిన పుస్తకములో నిర్మాత వ్రాసినదే మొదటి ప్రమాణము. సామాన్యముగా 80 వేల కిలోమీటర్లు దాటిన పిమ్మట, లేదా అయిదారేండ్లు నిండిన పిమ్మట, ప్రతి సర్వీసునందును బెల్టును శ్రద్ధగా పరీక్షింపజేయుట మంచిది. లక్ష దాటినచో మార్పునకు సిద్ధపడియుండుట మంచిది. రామగుండము, రెంటచింతల ఎండలలోను, మట్టిదారుల దుమ్ములోను తిరుగు బండికి ఆ గడువు ఇంకను ముందే రావచ్చును. తక్కువ తిరుగు బండి కదాయని ఉపేక్షింపరాదు. నిలిచియున్నను రబ్బరు ముదురును.

పూర్వపు నియోప్రీన్ బెల్టు ముదిరినచో పగిలెడిది. మూడంగుళముల మేరలో మూడు పగుళ్లు కనబడినచో తీసివేయుట నాటి నియమము. నేటి బెల్టులు ఎక్కువగా ఇ.పి.డి.ఎం. అను రబ్బరుతో చేసినవి. ఇవి అంత తేలికగా పగులవు. టైరు వలె, చెప్పు అట్ట వలె అరుగును. పైకి నిగనిగలాడుచు, చారల నడుమ లోతు హెచ్చి, బెల్టు పుల్లీలోనికి దిగిపోయి, పట్టు తప్పును. కావున ‘పగులు లేదు గనుక బాగున్నది’ అను పాత పరీక్ష నేడు చెల్లదు. చారల లోతును కొలుచుటకు చిన్న ప్లాస్టిక్ కొలబద్దలు దొరకును. అవి లేనిచో ఏమి చూడవలెను? చారల ప్రక్కగోడలు అద్దము వలె మెరయుచున్నవా, అంచునుండి దారములు లేచినవా, చారల నడుమ గులకరాయి గాని, రబ్బరు ముద్ద గాని చిక్కుకొన్నదా, నూనె గాని రేడియేటరు ద్రవము గాని పడి ఉబ్బినదా అని చూడవలెను. నూనె పడిన బెల్టును తుడిచి వాడుట కాదు; నూనె కారు చోటును బాగుచేయించి, బెల్టును మార్చవలెను.

చప్పుడును బట్టి కూడ కొంత గ్రహింపవచ్చును. తెల్లవారి ఇంజను ఆరంభింపగనే, లేక ఎ.సి. వేయగనే దీర్ఘముగా కీచుమన్నచో బెల్టు జారుచున్నది. పిచ్చుక కూత వలె తెంపుతెంపుగా, లయతో వినబడినచో పుల్లీలు ఒకే వరుసలో లేవేమోనని అనుమానింపవలెను. ఇంజను మెల్లగా నడచుచుండగా, దూరముగా నిలిచి, సీసాతో కొంచెము నీటిని బెల్టు చారల మీదికి చిమ్మి మెకానిక్కులు పరీక్షింతురు. నీరు పడగనే కూత తగ్గినచో వరుస తప్పినది. హెచ్చినచో బిగువు చాలదు. రైసుమిల్లు పెద్ద బెల్టులకు పూర్వము రోజనము పట్టించెడివారు. ఆ అలవాటున కారు బెల్టుకు సబ్బు రుద్దుట, మైనము పూయుట కొందరు చేయుదురు. దాని వలన రెండు దినములు నిశ్శబ్దముగా నుండును, రోగము మాత్రము లోపల ముదురును.

టెన్షనరును పరీక్షించునపుడు ఇంజను నడచుచుండగా చూపుతో మాత్రమే చూడవలెను. చేయి కొంచెము కదలుట సహజము. పైకి క్రిందికి ఎగిరెగిరి పడుట రోగము. ఇంజను ఆపిన పిమ్మట ఇరుసు చుట్టు ఎఱ్ఱని తుప్పుపొడి యున్నదా, పుల్లీ ఒకవైపునకు వాలినదా, పెట్టెపై హద్దుగుర్తు లున్నచో ముల్లు వానిని దాటినదా అని గమనింపవలెను. బెల్టు తీసిన పిమ్మట పుల్లీని చేతితో త్రిప్పి చెవి యొగ్గినచో మంచి బేరింగు మెత్తగా తిరిగి ఆగును. గరగరమన్నను, చక్రము అడ్డముగా ఊగినను, ఏమాత్రము గ్రీజు లేనట్లు గిరగిర తిరుగుచునే యున్నను దానికి కాలము చెల్లినట్లే. మొదటి బెల్టు పూర్తి ఆయుస్సు అనుభవించినచో, టెన్షనరును, మార్గము మరల్చు ఐడ్లరు పుల్లీని కూడ బెల్టుతో పాటే మార్చుట నా అభిప్రాయమున పొదుపు. అవి అన్నియు ఒకే దూరము తిరిగినవి, విప్పుకూలి ఒక్కటే.

మార్చుట యెట్లన్నది ఇక చెప్పెదను. చేతిపని అలవాటు లేనివారు ఇది విని మెకానిక్కు ప్రక్క నిలుచుటకు ఉపయోగించుకొందురు గాక. ఇంజను పూర్తిగా చల్లారవలెను. తాళపుచెవి తీసి జేబులో వేసికొని, బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పవలెను. రేడియేటరు విద్యుత్ ఫ్యాను ఇంజను ఆగియున్నను ఒక్కసారిగా తిరుగగలదు. కండువా, చున్నీ, పమిట కొంగు, వదులు చొక్కాచేయి, ఉంగరము, ఇవేవియు ఆ చాయలకు రారాదు. అనేక చిన్నకార్లలో ఇంజను అడ్డముగా నుండుటచే ముందు చక్రమొకటి విప్పి, మడ్గార్డు లోపలి తొడుగును తొలగించిన గాని బెల్టు అందదు. అప్పుడు బండిని జాకీ మీద మాత్రమే నిలిపి దాని క్రింద చేయి పెట్టరాదు. గట్టి నేల మీద, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, ఇనుప స్టాండు మీద బరువు మోపవలెను.

విప్పుటకు ముందు బెల్టు పోవు మార్గమును చిత్రించుకొనుట మరువరాదు. కొన్నింట బానెట్టు క్రింద పటము అంటించియుండును. లేనిచో చేతిఫోనుతో ఫోటో తీసికొనవచ్చును. చారలు గల వైపు చారల పుల్లీల మీదను, నున్నని వీపు నున్నని పుల్లీల మీదను పోవుట గమనింపుడు. పిమ్మట టెన్షనరు చేతిమీది నట్టుకు గాని, చదరపు గుంటకు గాని పొడవైన పానా తగిలించి, స్ప్రింగునకు ఎదురుగా మెల్లగా త్రిప్పినచో బెల్టు వదులగును. పెట్టెలో రంధ్రమున్నచో అందులో ఉక్కు పిన్ను దూర్చి చేతిని నిలుపవచ్చును. అందుబాటులో నున్న పుల్లీ మీదినుండి బెల్టును జార్చి తీయవలెను. పానా చేయిజారినచో ఆ స్ప్రింగు వ్రేళ్లను నలుగగొట్టగలదు.

ఇప్పుడు తొందర పనికిరాదు. ఆల్టర్నేటరు, నీటిపంపు, ఐడ్లరు, కంప్రెసరు, ఒక్కొక్క పుల్లీని చేతితో త్రిప్పి, ఊపి చూడవలెను. నీటిపంపు దగ్గర ద్రవము కారిన తెల్లని మచ్చ కనబడినచో ఆ పంపును కూడ ఇప్పుడే మార్చుట మేలు. గాడులలోని మురికిని ఎండు బ్రష్షుతో తీయవలెను. క్రొత్త టెన్షనరు వెనుక చిన్న మొల యుండును. అది ఇంజనుపై దాని రంధ్రములో సరిగా కూర్చున్నదని నిశ్చయించుకొనిన పిమ్మటనే బోల్టును, పుస్తకములో చెప్పిన కొలతకు, టార్క్ రెంచితో బిగింపవలెను. మొల తప్పినచో టెన్షనరు వంకరగా కూర్చుండి క్రొత్త బెల్టు అంచును కోయును.

క్రొత్త బెల్టును పాతదాని ప్రక్కన పెట్టి చారల సంఖ్యను, పొడవును పోల్చుడు. పటము ప్రకారము చుట్టివచ్చి, సులభముగా అందు పుల్లీని చివరకు విడిచి, పానాతో టెన్షనరును లాగి బెల్టును దానిమీదికి ఎక్కించి, చేతిని మెల్లగా వదలవలెను, టప్పున విడువరాదు. తరువాత దీపము పట్టి ప్రతి పుల్లీని చూడవలెను. ఒక్క చార గాడి తప్పి వెలుపల నున్నను కొలది నిమిషములలో బెల్టు చీలిపోవును. ఇంజనును దాని సహజదిశలో పానాతో రెండు చుట్లు చేతితో త్రిప్పి మరల చూచిన పిమ్మటనే తీగను కలిపి ఇంజను ఆరంభింపవలెను. అయిదు నిమిషములు దూరముగా నిలిచి, ఎ.సి. వేసి, హెడ్ లైట్లు వేసి, టెన్షనరు చేయి నిలకడగా నున్నదా అని పరిశీలింపుడు.

ఇంట చేయదగని సందర్భములు రెండు గలవు. కొన్ని కార్లలో టెన్షనరే యుండదు. సాగు గుణము గల బెల్టును ప్రత్యేక సాధనముతో ఎక్కింతురు. దానిని ఒకసారి తీసినచో మరల వేయరాదు. రెండవది, 2015లో మారుతి సియాజ్ తో మన దేశమున ప్రచారమునకు వచ్చిన తేలిక హైబ్రిడ్ పద్ధతి. అందు ఆగిన ఇంజనును మరల కదలించునది కూడ ఈ బెల్టే. బిగువు ఒకప్పుడు ఒక వైపునను, మరియొకప్పుడు రెండవ వైపునను పడుటచే దాని ఏర్పాటు వేరు. పూర్తిగా విద్యుత్తుతో నడచు కార్లలో ఈ బెల్టే లేదు.

పని ముగిసిన పిమ్మట తేదీని, కిలోమీటర్లను, బెల్టు అంకెలను సర్వీసు పుస్తకములో వ్రాసికొనుడు. తీసిన బెల్టు చీలక, నూనె తగులక యున్నచో సంచిలో చుట్టి డిక్కీలో నుంచుకొనవచ్చును. నూరు కిలోమీటర్లు తిరిగిన పిమ్మట, ఇంజను చల్లగా నున్నప్పుడు ఒకసారి బానెట్టు ఎత్తి చూడవలెను. పుల్లీల అంచున నల్లని రబ్బరుపొడి రాలియున్నచో వరుస ఇంకను కుదరలేదన్నమాట. బండిని మరల షెడ్డుకు తీసికొనిపోయి ఆ పొడిని మెకానిక్కునకు చూపవలెను.